పాత బండికి పొల్యూషన్ టెస్టు: స్క్రూ తిప్పే ముందు చేయాల్సిన పనులు, వరుసగా

"బైకు పద్నాలుగేళ్లది, నడపడానికి బాగానే ఉంది, కానీ పొల్యూషన్ చెక్ దగ్గర ఫెయిల్ అంటున్నారు, ఏం చేయాలి?" నల్గొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి వైపు నుంచి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఏపీ 24, ఏపీ 22 నంబర్ ప్లేట్లతో ఇంకా రోడ్డు మీద తిరుగుతున్న బండ్లన్నీ 2014కు ముందువే. వాటిలో చాలావరకు పదిహేనేళ్లు దాటాయి, లేదంటే దాటబోతున్నాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్లాల్సిన సమయం కూడా ఇదే.

ఫెయిల్ అనగానే చాలామంది నేరుగా మెకానిక్ దగ్గరికి పోయి కార్బరేటర్ (గాలిని, పెట్రోలును కలిపి ఇంజన్‌కు ఇచ్చే భాగం) స్క్రూ తిప్పిస్తారు. ఆ పూట పాస్ అవుతుంది. తర్వాత బండి లాగదు, ఎక్కువ హీట్ అవుతుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. దాంతో మళ్లీ తిప్పిస్తారు, ఆరు నెలలకు మళ్లీ అదే కథ. అసలు లోపం ఫిల్టర్‌లోనో, ప్లగ్గులోనో, సైలెన్సర్‌లోనో ఉంటే స్క్రూ దాన్ని కప్పిపెడుతుంది తప్ప సరిచేయదు. అందుకే ఈ గైడ్‌లో స్క్రూ చివర్లో వస్తుంది. దయచేసి ఈ వరుస మార్చకండి.

## 1. మీ బండి ఏ లెక్కలోకి వస్తుంది?

అన్ని బండ్లకూ ఒకే హద్దు ఉండదు. ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం చూసి కింది పట్టికలో మీ బండిని వెతుక్కోండి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 115వ నియమం కింద పాత బండ్లకు ఉన్న హద్దులు ఇవి. సీఓ అంటే కార్బన్ మోనాక్సైడ్, హెచ్‌సీ అంటే కాలకుండా మిగిలిన పెట్రోలు (హైడ్రోకార్బన్లు), పీపీఎం అంటే పది లక్షల్లో ఎన్ని భాగాలో చెప్పే కొలత. బీఎస్ అంటే భారత్ స్టేజ్, అంకె పెరిగేకొద్దీ కొత్త, కఠినమైన ప్రమాణం.

| బండి | సీఓ (శాతం) | హెచ్‌సీ (పీపీఎం) |
|---|---|---|
| టూవీలర్, త్రీవీలర్, 2000 మార్చి 31 వరకు తయారైనవి | 4.5 | 9000 |
| టూ స్ట్రోక్ టూవీలర్, త్రీవీలర్, ఆ తర్వాతివి | 3.5 | 6000 |
| ఫోర్ స్ట్రోక్ టూవీలర్, త్రీవీలర్, ఆ తర్వాతివి | 3.5 | 4500 |
| పెట్రోల్ కారు, బీఎస్ 2 కంటే ముందువి | 3.0 | 1500 |
| పెట్రోల్ కారు, బీఎస్ 2, బీఎస్ 3 | 0.5 | 750 |
| పెట్రోల్ కారు, బీఎస్ 4 | 0.3 | 200 |

డీజిల్ బండ్లకు వాయువులు కొలవరు, పొగ ఎంత చిక్కగా ఉందో కొలుస్తారు. బీఎస్ 4 కంటే ముందు బండ్లకు హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనానికి కొలత). మెషీన్ దీన్నే మరో కొలతలో 2.45 అని చూపిస్తుంది. బీఎస్ 4 డీజిల్‌కు 50 యూనిట్లు, అంటే 1.62.

సర్టిఫికెట్ గడువు బీఎస్ 3, అంతకంటే పాతవాటికి ఆరు నెలలు, బీఎస్ 4 నుంచి ఏడాది.

పట్టిక జాగ్రత్తగా చూస్తే ఒక మాట అర్థమవుతుంది. మంచి స్థితిలో ఉన్న ఫోర్ స్ట్రోక్ బైకుకు 3.5 శాతం సీఓ కష్టమైన హద్దేమీ కాదు. అది కూడా దాటుతోందంటే బండి ఎక్కడో పెట్రోలు వృథా చేస్తోందని అర్థం. టెస్టు కోసం పెట్టే ఖర్చులో కొంత మైలేజీ రూపంలో తిరిగి వస్తుంది.

## 2. ఆ రెండు అంకెలు ఏం చెబుతాయి?

ఫెయిల్ అన్నప్పుడు "ఎంత వచ్చింది?" అని తప్పకుండా అడగండి. సీఓ ఎంత, హెచ్‌సీ ఎంత అన్నది రాసుకుని రండి. మెకానిక్‌కు "ఫెయిల్ అయింది" అని చెప్పడం కంటే ఆ రెండు అంకెలు చూపిస్తే సగం పని అయిపోయినట్టే.

సీఓ ఎక్కువ, హెచ్‌సీ మామూలు: గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. మూసుకుపోయిన ఫిల్టర్, సగంలో ఇరుక్కున్న చోక్, కార్బరేటర్ గిన్నెలో పెట్రోలు మట్టాన్ని ఆపే ఫ్లోట్ సరిగా పనిచేయక పెట్రోలు పొంగడం, స్క్రూ తేడా వంటివి చూడాలి.

హెచ్‌సీ ఎక్కువ, సీఓ తక్కువ: పెట్రోలు కాలకుండానే బయటికి పోతోంది. ప్లగ్గు, ప్లగ్ క్యాప్, ట్యాపెట్ (వాల్వ్ దగ్గర ఉండే సందు సెట్టింగ్), గాలి లీకు, మరీ లీన్ చేసిన (పెట్రోలు బాగా తగ్గించిన) స్క్రూ మీద అనుమానం పెట్టుకోవాలి.

రెండూ ఎక్కువ: పెట్రోలు ఎక్కువై ప్లగ్గు కూడా సరిగ్గా కాల్చలేకపోతోంది. క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే భాగం) ఉన్న బండిలో అది పోయి ఉండొచ్చు. నీలం పొగ కూడా ఉంటే ఆయిల్ కాలుతోంది.

రెండూ తక్కువే, అయినా రీడింగ్ సరిగా లేదంటున్నారు: సైలెన్సర్‌కు చిల్లు ఉండి బయటి గాలి కలుస్తోందేమో చూడండి.

ఈ నాలుగింటిలో మీది ఏదో తెలిసినా, కింది పనులు మొదటి నుంచే చేయండి. పాత బండిలో సాధారణంగా ఒకటి కాదు, రెండు మూడు చిన్న లోపాలు కలిసి ఉంటాయి.

## 3. వారం ముందు: పెట్రోలు, ఇంజన్ ఆయిల్

ఇంట్లో నెలల తరబడి నిలబెట్టిన బండిని నేరుగా టెస్టుకు తీసుకుపోకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, ఇథనాల్ నీటి చెమ్మను పీల్చుకుంటుంది. నిలవ ఉన్న ట్యాంకులో, కార్బరేటర్ గిన్నెలో అడుగున నీరు చేరితే ఐడ్లింగ్‌లో (రేస్ ఇవ్వకుండా ఇంజన్ తిరిగేటప్పుడు) ఇంజన్ తడబడుతుంది, హెచ్‌సీ పెరుగుతుంది.

కార్బరేటర్ కింద ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గిన్నెలోని పెట్రోలు ఒక గాజు సీసాలోకి తీయండి. అడుగున నీటి బుడగలు, తుప్పు రజను కనబడితే ట్యాంకు కూడా కడిగించాలి. ఈ పని చల్లటి ఇంజన్ మీద, ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా చేయండి.

పాత బండ్ల రబ్బరు పైపులు, ఓ రింగులు ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైపును వంచి చూడండి. పగుళ్లు కనబడినా, మెత్తగా ఉబ్బినట్టు అనిపించినా మార్చేయండి. తక్కువ ఖర్చుతో అయ్యే పని.

తర్వాత ఇంజన్ ఆయిల్. పొల్యూషన్‌కూ ఆయిల్‌కూ సంబంధం ఏమిటని అడుగుతారు. పాతబడిన ఆయిల్‌లో పెట్రోలు కలిసి ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక ఆ ఆవిరి, ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపు గుండా మళ్లీ ఫిల్టర్ బాక్సులోకి వస్తుంది. ఫలితంగా కార్బరేటర్ కొలిచి ఇచ్చే పెట్రోలు కాకుండా ఇంకొంత లోపలికి పోతుంది. ఆయిల్ మార్చే గడువు దగ్గర పడి ఉంటే టెస్టుకు ముందే మార్చండి.

ఆయిల్ ఎక్కువ పోయడం కూడా తప్పే. "కొంచెం ఎక్కువుంటే ఇంజన్‌కు మంచిది" అనే మాట నమ్మకండి. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గుండా ఫిల్టర్‌ను తడిపేస్తుంది.

- డిప్ స్టిక్ గీతల మధ్యలోనే ఆయిల్ ఉందా?
- కార్బరేటర్ గిన్నెలో నీరు లేదా?
- పెట్రోల్ పైపు పగలలేదా?
- కొత్త పెట్రోలు పోసి కనీసం రెండు మూడు రోజులు నడిపారా?

## 4. గాలి దారి: మన దుమ్ముకు మొదట బలయ్యేది ఫిల్టర్

దామరచర్ల, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల దారుల్లో, మిర్యాలగూడలో రైసు మిల్లుల ఊక దుమ్ములో, క్రషర్లున్న రోడ్ల మీద తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన సర్వీసు గడువు సరిపోదు. అందులో రాసిన దూరంలో సగానికే ఫిల్టర్ తీసి చూడండి. పొలం బాటలో రోజూ తిరిగే బండికైతే ఇంకా ముందే.

ఫిల్టర్ రెండు రకాలు, రెండింటికీ పద్ధతి వేరు.

కాగితం ఫిల్టర్: కడగకూడదు. పెట్రోలుతోనూ వద్దు, సబ్బు నీళ్లతోనూ వద్దు. శుభ్రమైన వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్ గాలితో దులపాలి. వెలుతురుకు పట్టి చూస్తే మడతల మధ్య వెలుగు కనబడాలి. నూనె మరకలున్నా, చిరిగినా, చెమ్మ తగిలి గట్టిపడినా కొత్తది వేయండి.

స్పాంజి ఫిల్టర్: కిరోసిన్‌లోనో సబ్బు నీళ్లలోనో కడిగి, మెలిపెట్టకుండా పిండి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. తర్వాత కొన్ని చుక్కల ఇంజన్ ఆయిల్ రాసి, గట్టిగా పిండి ఎక్కువైంది తీసేయాలి. ఆయిల్ కారుతూ ఉండగా బిగిస్తే గాలి ఆడదు, సీఓ పెరుగుతుంది.

ఫిల్టర్ తీసేసి టెస్టుకు వెళ్లమని చెప్పేవాళ్లు ఉన్నారు. గాలి ఎక్కువై అంకె తగ్గడం నిజమే. కానీ మన రోడ్ల మీద ఫిల్టర్ లేకుండా నడిపితే ఆ దుమ్ము నేరుగా బోరును, అంటే పిస్టన్ తిరిగే సిలిండర్ లోపలి గోడను అరగదీస్తుంది. ఒక్కసారి పిస్టన్ రింగులు పోయాయంటే ఏ స్క్రూ కూడా ఆ బండిని పాస్ చేయించలేదు. ఈ సలహా ఎవరిచ్చినా వినకండి.

ఫిల్టర్ అయ్యాక చోక్ చూడండి. లివర్ వెనక్కి వచ్చినంత మాత్రాన లోపలి పళ్లెం పూర్తిగా తెరుచుకుందని కాదు. కేబుల్ ఇరుక్కుని చోక్ సగంలో నిలిచిపోవడం పాత బండ్లలో మామూలే. ఫిల్టర్ పైపు తీసి కళ్లతో చూడండి.

చివరగా, కార్బరేటర్‌ను ఇంజన్‌కు కలిపే రబ్బరు హోల్డర్. దీని అడుగున పగుళ్లు వస్తాయి, పైనుంచి కనబడవు. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆ రబ్బరు చుట్టూ సబ్బు నీళ్లు స్ప్రే చేయండి. ఇంజన్ శబ్దం మారితే అక్కడ లీకు ఉన్నట్టే. కొందరు దీనికి పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజన్ మీద అది ప్రాణాలకే ముప్పు, వద్దు.

## 5. ప్లగ్గు, క్యాప్, ట్యాపెట్

ప్లగ్గు తీసి రంగు చూడండి. ఇంజన్ లోపల ఏం జరుగుతోందో దాని ముక్కు మీద రాసి ఉంటుంది.

- లేత గోధుమ రంగు: బాగుంది.
- పొడి నల్లటి మసి: పెట్రోలు ఎక్కువ.
- తడిగా, నూనెగా నలుపు: ఆయిల్ లోపలికి వస్తోంది.
- సున్నంలా తెలుపు: పెట్రోలు తక్కువ, లేదా ప్లగ్గు ఆ ఇంజన్‌కు తగినది కాదు.

ప్లగ్గు మొనల మధ్య గ్యాప్‌ను బండి పుస్తకంలో ఉన్న కొలతకు ఫీలర్ గేజ్‌తో పెట్టించండి, అంచనాగా వద్దు. పాత ప్లగ్గును సాండ్ పేపర్‌తో రుద్ది మళ్లీ వేయడం కంటే కొత్తది వేయడం మేలు. క్యాప్ లోపల తుప్పు, తీగ మీద పగుళ్లు కూడా చూడండి. చీకట్లో ఇంజన్ ఆన్ చేస్తే లీకవుతున్న స్పార్కు తీగ మీద నీలంగా మెరుస్తుంది.

ట్యాపెట్ అడ్జస్ట్‌మెంట్ పూర్తిగా చల్లారిన ఇంజన్ మీదే చేయాలి. షాపుకు బండి తోలుకుని పోయిన వెంటనే, వేడి మీదే చేస్తామంటే ఒప్పుకోకండి. ఉదయాన్నే చేయించడమో, ముందు రోజు రాత్రి బండిని అక్కడే వదిలేయడమో మంచిది. మరీ బిగుతుగా పెట్టిన ట్యాపెట్ వల్ల వాల్వ్ పూర్తిగా మూసుకోదు. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోతుంది, హెచ్‌సీ అమాంతం పెరుగుతుంది. శబ్దం రాకూడదని బిగుతుగా పెట్టించుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

## 6. సైలెన్సర్, దానికి తగిలించిన పైపులు

ఇంజన్ స్టార్ట్ చేసి, మందపాటి తడి గుడ్డతో సైలెన్సర్ చివర క్షణం పాటు మూయండి. చేయి కాలకుండా జాగ్రత్త. బాగున్న సైలెన్సర్ అయితే ఒత్తిడి పెరిగి ఇంజన్ ఆగబోతుంది. అలా కాకుండా ఎక్కడో బుస్సుమని గాలి వస్తే అక్కడ చిల్లు ఉంది. హెడ్ దగ్గరి గ్యాస్‌కెట్, బెండు కింద తుప్పు, వెల్డింగ్ అతుకు, ఈ మూడు చోట్లే ఎక్కువగా పోతుంది.

2010 తర్వాత వచ్చిన చాలా బైకులకు ఎయిర్ ఫిల్టర్ నుంచి ఎగ్జాస్ట్ పోర్టుకు ఒక సన్నటి పైపు, మధ్యలో చిన్న డబ్బా ఉంటాయి. కాలకుండా మిగిలిన వాయువును కాల్చడానికి కొంచెం తాజా గాలి పంపడమే దాని పని. రేస్ వదిలినప్పుడు టపటపమని శబ్దం వస్తోందని కొందరు మెకానిక్‌లు ఆ పైపుకు బిరడా కొట్టేస్తారు. మీ బండికి అలా చేసి ఉంటే తీయించండి. పైపు పగిలితే మార్చండి. సీఓ హద్దుకు దగ్గరగా ఉన్న బండి ఈ ఒక్క పనితో పాస్ అయ్యే అవకాశం ఉంది.

శబ్దం కోసం బిగించిన బయటి సైలెన్సర్ ఉంటే, కంపెనీది మళ్లీ పెట్టించండి. టెస్టు కోసం పెట్టి మళ్లీ మార్చేయడం కాదు, అదే ఉంచేయండి.

## 7. ఇప్పుడు కార్బరేటర్, ఆ తర్వాతే స్క్రూ

పై పనులన్నీ అయ్యాయంటేనే ఇక్కడికి రండి.

కార్బరేటర్ విప్పి, క్లీనర్ స్ప్రేతో జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే సన్నటి రంధ్రాలున్న ముక్కలు) శుభ్రం చేయించండి. జెట్టు రంధ్రంలో పిన్నీసు, ఇనుప తీగ దూర్చనివ్వకండి. రంధ్రం కాస్త పెద్దదైనా ఆ జెట్టు పనికిరాదు. ఫ్లోట్ సూది అరిగి కొసన గీత పడితే మార్చాలి. బండి నిలబెట్టినప్పుడు పెట్రోలు వాసన వస్తోందంటే ముందు చూడాల్సింది ఆ సూదినే.

ఇక స్క్రూ. అది ఎటువైపు ఉందో ముందు చూడాలి, ఎందుకంటే తిప్పే దిశ దాన్ని బట్టే మారుతుంది.

- ఇంజన్ వైపు ఉంటే అది మిక్స్చర్ స్క్రూ. బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది.
- ఫిల్టర్ వైపు ఉంటే అది ఎయిర్ స్క్రూ. బిగిస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది.

ఇది తెలియక తిప్పడం వల్లే "ఎంత బిగించినా సీఓ పెరుగుతూనే ఉంది" అన్న ఫిర్యాదు వస్తుంది.

పద్ధతి ఇది:

1. పది పదిహేను నిమిషాలు బండి నడిపి ఇంజన్ బాగా వేడెక్కనివ్వండి. చోక్ పూర్తిగా తీసి ఉండాలి.
2. ఇంజన్ ఆపి, స్క్రూను మెల్లగా బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి. ఆనగానే ఆపేయండి, బలం పెడితే సూది మొన విరుగుతుంది.
3. మళ్లీ అన్నే చుట్లు వెనక్కి తిప్పి మొదటి చోటుకు తెచ్చి ఇంజన్ స్టార్ట్ చేయండి.
4. స్లో స్క్రూతో ఐడ్లింగ్‌ను పుస్తకంలో చెప్పిన చోట పెట్టండి. 100 నుంచి 150 సీసీ బైకులకు అది సాధారణంగా 1400 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది.
5. మిక్స్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగండి. ఇంజన్ వేగంగా, నున్నగా తిరిగే చోటు దొరుకుతుంది.
6. ఐడ్లింగ్ పెరిగి ఉంటుంది కాబట్టి స్లో స్క్రూతో మళ్లీ దించండి. 5వ మెట్టు ఇంకోసారి చేయండి.
7. అక్కడి నుంచి పెట్రోలు తగ్గే వైపు పావు చుట్టులో సగం మాత్రం తిప్పి ఆపేయండి.
8. ఒక్కసారి రేస్ ఇచ్చి వదలండి. ఇంజన్ తటపటాయించినా, ఆగిపోయినా మరీ తగ్గించారని అర్థం, కాస్త వెనక్కి తిప్పండి.

ఐడ్లింగ్‌ను మరీ కింద పెట్టడం కూడా పొరపాటే. పెట్రోలు ఆదా అవుతుందని 900, 1000 దగ్గర పెట్టుకుంటే చిన్న ఇంజన్ సరిగా కాల్చలేదు, హెచ్‌సీ పెరుగుతుంది.

కొన్ని బండ్లలో ఈ స్క్రూ తలకు క్యాప్ ఉంటుంది, లేదా ప్రత్యేకమైన టూల్‌తోనే తిరుగుతుంది. దాన్ని డ్రిల్ చేయించకండి, సరైన టూల్ ఉన్న షాపుకు తీసుకెళ్లండి.

## 8. టూ స్ట్రోక్ మోపెడ్లు, పాత స్కూటర్లు

పాల క్యాన్లు, గడ్డి మోపులు మోసే పాత మోపెడ్లు మన పల్లెల్లో ఇంకా చాలానే ఉన్నాయి. వీటికి ప్రధాన సమస్య ఆయిల్ పాలు. ట్యాంకు మీద గానీ పుస్తకంలో గానీ ఎంత రాసి ఉందో అంతే పోయించండి. చాలా మోపెడ్లకు అది లీటరుకు 20 మిల్లీలీటర్ల దగ్గర ఉంటుంది. బరువు మోస్తుంది కదా అని రెట్టింపు పోస్తే ఇంజన్‌కు అదనపు మేలు జరగదు. పొగ, ప్లగ్గు మీద మసి మాత్రం పెరుగుతాయి. తక్కువ పొగ వచ్చే 2టీ ఆయిలే వాడండి, ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్ కలపకండి.

సైలెన్సర్ లోపలి గొట్టం బయటికి తీసి, గట్టిపడిన మసి గీకించండి. ఎగ్జాస్ట్ పోర్టు కూడా గీకించాలి. అప్పుడు పిస్టన్ పైకి వచ్చి పోర్టును మూసి ఉండాలి, లేదంటే మసి లోపల పడుతుంది. ఆ మసితో మూసుకుపోయిన బండి పొగ వదలడమే కాదు, బరువు కూడా లాగదు.

## 9. పాత పెట్రోల్ కార్లు

కార్బరేటర్ ఉన్న కార్లకు పై వరుసే వర్తిస్తుంది, కాకపోతే ప్లగ్గులు మూడో నాలుగో ఉంటాయి. ఒక్కటి కొట్టకపోయినా హెచ్‌సీ హద్దు దాటేస్తుంది. అందుకే ప్లగ్గులు, తీగలు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మొత్తం ఒకేసారి చూపించండి.

కార్బరేటర్ బదులు కంప్యూటర్ పెట్రోలు కొలిచి ఇచ్చే ఎంపీఎఫ్ఐ కార్లలో నేను ముందు అడిగే ప్రశ్న వేరే: ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను ఆపే థర్మోస్టాట్ వాల్వ్ ఉందా? ఎండలు ఎక్కువ, ఇంజన్ హీట్ ఎక్కుతుందన్న భయంతో మన దగ్గర చాలా కార్లలో దాన్ని తీసేసి ఉంటారు. తీసేస్తే ఇంజన్ తన సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, చల్లటి రోజుల్లో అసలు రాకపోవచ్చు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని సెన్సర్ చెబుతుంటే కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ ఇస్తూనే ఉంటుంది. కారు నడవడంలో తేడా తెలియదు, మైలేజీ తగ్గుతుంది, సీఓ మాత్రం 0.5 దాటిపోతుంది. హీట్ సమస్యకు రేడియేటర్, ఫ్యాన్, కూలెంట్ చూడాలి, వాల్వ్ తీయడం పరిష్కారం కాదు.

చెక్ ఇంజన్ లైటు వెలుగుతున్న కారును టెస్టుకు తీసుకెళ్లడం దండగ. ముందు స్కాన్ చేయించి ఆక్సిజన్ సెన్సర్, టెంపరేచర్ సెన్సర్ సంగతి తేల్చుకోండి. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి చూడండి. లోపల గలగలమంటే జాలీ పగిలిపోయింది. మిస్‌ఫైర్ సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ కాలిపోతుంది. బాగుచేసే వరుస ఇక్కడ కూడా ముఖ్యం.

## 10. డీజిల్ బండ్లు, ఆటోలు

టెస్టులో గేరు లేకుండా యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా అడుగు దాకా తొక్కి, గరిష్ఠ వేగం వరకు లేపుతారు. ఇలా వరుసగా కొన్నిసార్లు చేసి సగటు తీస్తారు. అందుకే ముందుగా భద్రత చూసుకోవాలి. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్‌కు బెల్ట్ మార్చే గడువు దాటి ఉంటే, టెస్టుకు ముందే మార్పించండి. ఆ తొక్కుడులో బెల్ట్ తెగితే వాల్వులు, పిస్టన్ పోతాయి. ఆయిల్, కూలెంట్ కూడా చూసుకోండి.

పొగ రంగును బట్టి:

- నలుపు: గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపు పగుళ్లు, ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది), డీజిల్ చిమ్మే నాజిళ్లు, డీజిల్ పంపు సెట్టింగ్ చూడాలి.
- నీలం: ఆయిల్ కాలుతోంది.
- తెలుపు, వేడెక్కాక కూడా: డీజిల్ సరిగా కాలడం లేదు, లేదా కూలెంట్ లోపలికి పోతోంది.

మన రోడ్ల మీద నల్ల పొగ వదిలే లోడు బండ్లలో చాలావాటికి పంపు పెంచి ఉంటుంది. ఎక్కువ లోడు లాగాలని స్క్రూ తిప్పించి డీజిల్ పెంచుతారు. అది మళ్లీ కంపెనీ కొలతకు రావాలంటే రోడ్డు పక్క షాపులో కాకుండా, పంపును బెంచి మీద పెట్టి కొలిచే డీజిల్ పంపు సెంటర్‌కే తీసుకెళ్లాలి. నాజిళ్లు కూడా అక్కడే ప్రెషర్ పెట్టి చూస్తారు. సన్నటి మంచులా చిమ్మాలి, ధారలా కారితే మార్చాల్సిందే.

డీజిల్ ఫిల్టర్ అడుగు నుంచి నీళ్లు వదలండి. టెస్టుకు వెళ్లే ముందు ఖాళీ బండితో హైవే మీద, ఒక గేరు తక్కువలో, ఇరవై నిమిషాలు స్థిరంగా నడపండి. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబర్ హైవే అయినా, జడ్చర్ల దగ్గర 44వ నంబర్ అయినా ఇందుకు సరిపోతాయి. సైలెన్సర్‌లో పేరుకున్న మసి కొంత ఊడిపోతుంది, ఆయిల్ కూడా టెస్టుకు కావాల్సిన కనీసం 60 డిగ్రీల వేడికి చేరుతుంది. వేగ పరిమితి మాత్రం దాటకండి.

## 11. టెస్టు రోజు

బంకు దగ్గర ఆగి ఉన్న వ్యాన్ ఇంటి పక్కనే ఉంటే చాలామంది చల్లటి ఇంజన్‌తోనే వెళ్లిపోతారు. పాత బండికి అలా వద్దు. కాస్త చుట్టు తిరిగి వెళ్లండి.

- కనీసం పదిహేను నిమిషాలు నడిపి వెళ్లండి.
- లైనులో చాలాసేపు ఐడ్లింగ్‌లో ఉంచకండి. ఆపేసి, మీ వంతు రాగానే స్టార్ట్ చేసి ఒకటి రెండుసార్లు మెల్లగా రేస్ ఇవ్వండి.
- కారులో ఏసీ, హెడ్‌లైట్లు ఆపండి.
- గొట్టం సైలెన్సర్‌లోకి బాగా లోపలికి పోవాలి. కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలన్నది నియమం. పొట్టి సైలెన్సర్ అయితే అదనపు గొట్టం పెట్టమని అడగండి.
- అంకెలు నిలకడగా ఆగాకే ప్రింట్ తీయమనండి.
- నంబర్ ప్లేట్ శుభ్రంగా, చదవడానికి వీలుగా ఉండాలి. ఆర్‌సీ, ఫోన్ నంబర్ దగ్గర పెట్టుకోండి.
- సర్టిఫికెట్ మీద బండి నంబర్, ఇంధనం రకం, తేదీ సరిగా ఉన్నాయో అక్కడే చూసుకోండి.

బండి తీసుకురాకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామనే వాళ్ల మాట వినకండి. ఆ కాగితం ఉన్నా బండి పొగ వదులుతూనే ఉంటుంది, దాన్ని మొదట పీల్చేది వెనక సీట్లో కూర్చున్న మీ పిల్లలు.

## 12. అయినా ఫెయిల్ అయితే

కొత్త అంకెలను పాతవాటి పక్కన రాసుకోండి. సీఓ తగ్గి హెచ్‌సీ పెరిగిందంటే స్క్రూ మరీ లీన్ అయింది, కాస్త వెనక్కి తిప్పాలి. రెండూ తగ్గినా కొంచెం తేడాతో పాస్ కాలేదంటే మళ్లీ ప్లగ్గు, రబ్బరు హోల్డర్, సైలెన్సర్ చూడండి. అంకెలు అస్సలు కదలలేదంటే లోపం పైన కాదు, ఇంజన్ లోపల ఉంది.

అప్పుడు కంప్రెషన్ టెస్టు చేయించండి. రాత్రంతా ఆగిన బండి ఉదయం స్టార్ట్ చేయగానే నీలం పొగ వదిలి తర్వాత తగ్గితే వాల్వ్ సీళ్లు పోయాయి, అది చిన్న పని. రేస్ ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే రింగులు, బోరు పని పడింది. పని ఒప్పుకునే ముందు ఎంతవుతుందో కాగితం మీద రాయించుకుని, బండికి ఇప్పుడున్న ధర పక్కన పెట్టి చూడండి. ఫ్రేము, వైరింగు, టైర్లు బాగుండి, ఆర్‌సీకి ఇంకా కొన్నేళ్ల గడువు ఉంటే బోరు పని చేయించడం నష్టం కాదు. కింద తుప్పు పట్టి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా దగ్గరపడిన బండి మీద అంత పెట్టొద్దని నా సలహా.

బోరు పని చేయించిన బండిని వెంటనే టెస్టుకు తీసుకుపోకండి. కొత్త రింగులు కుదురుకునే దాకా కొంత ఆయిల్ కాలుతుంది. మెకానిక్ చెప్పినంత దూరం రన్నింగ్ అయ్యాక ఆయిల్ మార్చి, 7వ భాగంలో చెప్పిన ట్యూనింగ్ మళ్లీ ఒకసారి చేయించి, అప్పుడు వెళ్లండి.